క్రాంక్ పుల్లీ బోల్టుకు ఎందుకంత బిగువు? దాన్ని ఎలా విప్పాలి, ఎలా బిగించాలి?

టైమింగ్ బెల్టు మార్చడం అరపూట పని అన్న మెకానిక్ సాయంత్రానికీ బండి ఇవ్వలేదంటే, చాలాసార్లు కారణం ఒకే ఒక్క బోల్టు. ఇంజిన్‌కు ఒక కొసన, క్రాంక్ షాఫ్ట్ ముక్కు మీద, పుల్లీని పట్టి ఉంచే బోల్టు అది. హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాక లాంటి చోట్ల ఈ తిప్పలు ఇంకొంచెం ఎక్కువ. లాల్ దర్వాజ నుంచి ఉప్పుగూడ స్టేషన్ దాకా ఉన్న ఇరుకు వీధుల్లో కారును పైకెత్తే లిఫ్టులున్న షెడ్లు తక్కువ. జాకీ మీద లేపిన బండి, చక్రం విప్పిన సందు, అందులో ఒక మనిషి, చేతిలో గోటీ (సాకెట్) సెట్టు. ఈ సరంజామాతోనే పని కావాలి. ఈ బోల్టు గురించి కారున్నవాళ్లకూ పని నేర్చుకునే కుర్రాళ్లకూ వచ్చే ప్రశ్నలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఈ బోల్టు చేసే పనేమిటి?

పిస్టన్లు పైకీ కిందికీ ఆడితే క్రాంక్ గుండ్రంగా తిరుగుతుంది. దాని ఒక కొసన ఫ్లైవీల్ ఉంటుంది, రెండో కొసన పుల్లీ. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, కొన్ని బండ్లలో వాటర్ పంపు, పవర్ స్టీరింగ్ పంపు, అన్నీ ఆ పుల్లీ మీది బెల్టుతోనే నడుస్తాయి. చాలా ఇంజిన్లలో పుల్లీ వెనకే టైమింగ్ బెల్టు లేదా చైన్ తాలూకు పళ్ల చక్రం ఉంటుంది. పుల్లీని, పళ్ల చక్రాన్ని కలిపి క్రాంక్‌కు అదిమి ఉంచేది ఈ బోల్టే. దీన్ని తీయకుండా టైమింగ్ కవరు రాదు, ముందు వైపు ఆయిల్ సీలూ అందదు.

అన్ని బండ్లదీ ఒకే అమరిక కాదు. పాత మారుతి 800లో బయటి పుల్లీని చిన్న బోల్టులు పట్టుకుంటాయి. నడిమి పెద్ద బోల్టు దాని వెనకున్న పళ్ల చక్రానిది. అందుకే పని మొదలుపెట్టే ముందు ఏ బోల్టు దేన్ని పట్టుకుందో చూసుకోవాలి.

దాన్ని అంత గట్టిగా ఎందుకు బిగిస్తారు?

క్రాంక్ ఫ్యాన్ మోటారులా నున్నగా తిరగదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 100 సార్లు పెట్రోలు మండి క్రాంక్‌ను గుద్దుతుంది. ప్రతి గుద్దుకూ క్రాంక్ కాస్త మెలిపడి, మళ్లీ సర్దుకుంటుంది. చాలా పుల్లీల్లో లోపలి భాగానికీ బయటి రింగుకూ మధ్య రబ్బరు పొర పెట్టేది ఈ అదురును మింగడానికే. అలాంటి పుల్లీని డ్యాంపర్ అంటారు.

పుల్లీ జారకుండా క్రాంక్ మీద చిన్న కీ ఉంటుంది కదా, బోల్టుకు అంత బలమెందుకని అడుగుతారు. కీ ముఖ్యంగా పుల్లీని సరైన చోట కూర్చోబెట్టడానికి. సెకనుకు వంద దెబ్బలు ఆ చిన్న ముక్క మీదే పడితే కొద్దికాలానికి గాడి నలిగిపోతుంది. బోల్టు అదిమిన చోట పుట్టే రాపిడే అసలు భారం మోస్తుంది.

ఆ అదుము ఎంతో లెక్క వేసి చూడండి. 14 మిల్లీమీటర్ల బోల్టును 180 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, పొడి మరల మీద మామూలుగా వాడే సూత్రం ప్రకారం సుమారు ఆరున్నర టన్నుల బలంతో పుల్లీని క్రాంక్‌కు నొక్కుతుంది.

ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బిగుసుకుపోతుందా?

కొన్ని ఇంజిన్లలో బిగుసుకుంటుందనే మెకానిక్‌లు చెబుతారు. దానికి కారణమూ ఉంది. పుల్లీకి ఎదురుగా నిలబడి చూస్తే చాలా ఇంజిన్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. పాత హోండా ఇంజిన్లు చాలావరకు దానికి ఎదురు దిశలో తిరిగేవి. మన దేశంలో 1998లో వచ్చిన మొదటి తరం హోండా సిటీ ఆ కోవలోదే. బోల్టుది మాత్రం మామూలు కుడి మరే. క్రాంక్ ఎడమకు తిరుగుతుంటే, బెల్టుల బరువు పుల్లీని వెనక్కి, అంటే కుడికి లాగుతుంటుంది. ఆ లాగుడు బోల్టు తలను బిగిసే వైపుకే తోస్తుంది. హోండా క్రాంక్ బోల్టు మొండిదన్న పేరు ప్రపంచమంతా పాకడానికి ఇదే కారణమంటారు.

రెండో కారణం తుప్పు. 2020 అక్టోబరు వరదల్లో ఛత్రినాక, ఉప్పుగూడ చుట్టూ పల్లపు బస్తీల్లోకి నీళ్లొచ్చి బండ్లు మునిగాయి. అలా మునిగిన బండిలో బోల్టు తల కింద, వాషరు చుట్టూ తుప్పు పట్టుకుంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి ఓ పూట ఆగితే తల దగ్గర కొంత ఫలితం ఉండొచ్చు. కానీ మరలు క్రాంక్ లోపల లోతుగా ఉంటాయి కాబట్టి నూనె అంత దూరం చేరడం కష్టం. గ్యాస్ మంట పెట్టడం మాత్రం వద్దు. పక్కనే ఆయిల్ సీలు, డ్యాంపర్ రబ్బరు ఉంటాయి. బోల్టు వదిలినా అవి కాలిపోతాయి.

పానా తిప్పితే బోల్టు బదులు ఇంజినే తిరుగుతోంది. ఎలా ఆపాలి?

ఈ పనిలో సగం తెలివి ఇక్కడే ఉంది. బోల్టు మీద పెట్టే బలం ఎక్కడ ఆవిరైపోతోందో కనిపెట్టి ఆపకపోతే, ఎంత కండ పెట్టినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

రోడ్డు పక్క షెడ్లలో ముందుగా చేసేది బండిని టాప్ గేరులో వేసి, ఒకర్ని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కించడం. ఖర్చు లేని పద్ధతి. అయితే క్రాంక్‌కూ బ్రేకుకూ మధ్య క్లచ్, గేర్లు, యాక్సిల్ ఉన్నాయి. ఒక్కోటీ కాస్త కాస్త సాగి, బలాన్ని మింగేస్తుంది. ఆటోమేటిక్ గేరు బండికి ఈ పద్ధతి పనికిరాదు.

రెండోది ఫ్లైవీల్‌ను ఆపడం. స్టార్టర్ మోటారు తీసి, లేదా గేరు బాక్సుకున్న చిన్న కిటికీలోంచి, రింగ్ గేరు పళ్లలో లాక్ పెడతారు. ఆ ఇంజిన్ కోసమే చేసిన లాక్ అయితే మంచిదే. పెద్ద స్క్రూడ్రైవర్ గుచ్చితే పన్ను విరగొచ్చు, అల్యూమినియం కవరు పగలొచ్చు.

మూడోది, అన్నిటికన్నా మేలైనది, పుల్లీని నేరుగా పట్టే హోల్డర్. చాలా హోండా పుల్లీల నడుమ ఆరు పలకల గుంట ఉంటుంది. అందులో 50 మిల్లీమీటర్ల హోల్డర్ కూర్చుంటుంది. దాని మధ్య రంధ్రంలోంచి గోటీ పోనిచ్చి బోల్టు తిప్పుతారు. హోల్డర్ పిడిని నేలకో ఛాసిస్‌కో ఆనిస్తే చాలు, రెండో మనిషి అక్కర్లేదు. కొనలేకపోతే వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు. 33 మిల్లీమీటర్ల బోల్టుకు వేసే నట్టు బయటి కొలత సరిగ్గా 50 మిల్లీమీటర్లు. దాన్ని మందపాటి పట్టీకి అతికించి, గోటీ దూరేలా లోపలి మరలు తొలిపిస్తే హోల్డర్ సిద్ధం. గుంట బదులు రంధ్రాలున్న పుల్లీ అయితే, ఆ రంధ్రాల కొలతకు రెండు బోల్టులు దిగ్గొట్టిన ఇనుప పట్టీ సరిపోతుంది.

పాత బెల్టు చుట్టి చైన్ పానాతో పట్టడం ఆఖరి దారి. డ్యాంపర్ పుల్లీ మీద అసలు వద్దు. బయటి రింగును పట్టి లోపలి భాగాన్ని తిప్పితే ఆ బలమంతా నడిమి రబ్బరు మీద పడి, అతుకు ఊడిపోతుంది.

పొడవాటి పైపు తొడిగితే చాలదా?

చాలా వరకు చాలుతుంది. అర మీటరు హ్యాండిల్‌తో 180 న్యూటన్ మీటర్లు రావాలంటే దాదాపు 37 కిలోల బలంతో లాగాలి. మీటరు పైపు తొడిగితే 18 కిలోలే. ఏళ్ల తర్వాత విప్పేటప్పుడు బిగించినదానికి రెట్టింపు బలం కావాల్సి వచ్చినా, మీటరు పైపుతో ఒక మనిషి పనే.

బలం చాలకపోవడం కాదు, పక్కకు పోవడమే చిక్కు. చక్రం సందులోంచి బోల్టు అందాలంటే ఎక్స్‌టెన్షన్ వేయాలి. బయటి కొసన పైపు మీద మనిషి వాలగానే ఎక్స్‌టెన్షన్ కిందికి వంగి, గోటీ ఏటవాలై, బోల్టు తల మూలలు అరిగిపోతాయి. అనుభవమున్న మెకానిక్ ఎక్స్‌టెన్షన్ బయటి కొస కింద ఒక స్టాండు పెడతాడు. కడ్డీ దాని మీద ఆని తిన్నగా ఉంటుంది, బలమంతా తిప్పడానికే పోతుంది. ఈ చిన్న పనితో చాలా బోల్టుల తలలు దక్కుతాయి.

గోటీ ఆరు మూలలదే వాడాలి. పన్నెండు మూలల గోటీ తొందరగా జారుతుంది. చాలా కార్లలో తల 17 లేదా 19 మిల్లీమీటర్లు ఉంటుంది. వదులు గోటీ పెట్టి ప్రయత్నించడం కన్నా సరైనది దొరికేదాకా ఆగడమే నయం. రాట్చెట్ హ్యాండిల్‌కు పైపు తొడగకూడదు, లోపలి పళ్లు విరుగుతాయి. ఈ పనికి లోపల పళ్లు లేని బ్రేకర్ బారే సరి. బండి కింద జాకీ ఒక్కటే ఉంటే మాత్రం పైపు ఎక్కి నిలబడే ఆలోచనే వద్దు. ముందు స్టాండ్లు వేయాలి, తర్వాతే బలం.

గన్‌తో ఎందుకు సులువు? ఒక్కోసారి అదీ ఎందుకు ఓడిపోతుంది?

టైర్ షాపులో చూసే గన్ నిదానంగా తోయదు, లోపలి సుత్తి చకచకా కొడుతుంది. ఒక్కో దెబ్బ ఎంత స్వల్పకాలమంటే, బరువైన క్రాంక్ కదలడం మొదలుపెట్టేలోపే దెబ్బ అయిపోతుంది. అందుకే చాలాసార్లు హోల్డర్ లేకుండానే బోల్టు వదులుతుంది.

ఓడిపోయే సందర్భం షెడ్డుల్లో తరచూ కనిపించేదే.

“అన్నా, గన్ వెట్టినా కదుల్తలేదే.”

“గంత పొడుగు ఎక్స్‌టెన్షన్ ఎందుకేసినవ్ రా? తీసెయ్. నల్ల గోటీ డైరెక్టుగ వెట్టు.”

ఆ మాటలో శాస్త్రముంది. సన్నటి పొడవు కడ్డీ ప్రతి దెబ్బకూ స్ప్రింగులా మెలితిరిగి, దెబ్బను తనలోనే దాచుకుంటుంది. బోల్టు దాకా చేరేది కొంతే. దీనికి విరుగుడుగా, చుట్టూ మందపాటి ఇనుము పట్టించిన బరువైన గోటీలను హోండా బోల్టుల కోసమే తయారు చేశారు. ఆ అదనపు బరువు దెబ్బకు పదును పెంచుతుంది. మెరిసే క్రోమ్ గోటీ గన్‌కు వాడకూడదు, పగిలి ముక్కలు ఎగరవచ్చు. గన్ పనికి నల్లగా ఉండే ఇంపాక్ట్ గోటీలే. కళ్లకు అద్దాలూ తప్పనిసరి.

గాలి గన్ అయితే గాలి సరిపోతోందా అన్నదీ చూడాలి. సాధారణంగా 90 పీఎస్ఐ దగ్గర గన్ పూర్తి బలం చూపుతుంది. పొడవైన సన్న గొట్టం చివర అంత ఒత్తిడి మిగలదు.

పైపు ఆనించి స్టార్టర్ కొట్టే చిట్కా మంచిదేనా?

బోల్టుకు గోటీ, పైపు పెట్టి, పైపును ఛాసిస్‌కో నేలకో ఆనించి, ఒక్క క్షణం స్టార్టర్ కొడతారు. క్రాంక్ కుడికి తిరిగే ఇంజిన్లలో బోల్టు కదలకుండా క్రాంక్ తిరుగుతుంది కాబట్టి మర వదులుతుంది. పాత హోండా సిటీ లాంటి ఎడమకు తిరిగే ఇంజిన్‌లో ఇదే పని చేస్తే బోల్టు ఇంకా బిగుస్తుంది. పని చేసే ఇంజిన్‌లోనూ పైపు ఏ క్షణాన జారి ఎవరి చేతిని విరుస్తుందో తెలియదు, ఇంజిన్ స్టార్టయిపోయే ప్రమాదమూ ఉంది. హోల్డర్ దొరికే ఊళ్లో ఈ సాహసం అక్కర్లేదు. సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణాల్లో పనిముట్లకు కొదవ లేదు.

బోల్టు వచ్చింది, పుల్లీ రావడం లేదు. ఇప్పుడేం చేయాలి?

చాలా పుల్లీలు చేత్తో ఆడిస్తే వచ్చేస్తాయి. బిగుతుగా కూర్చున్నదానికి పుల్లర్ వాడాలి. పుల్లర్ పట్టు పుల్లీ నడిమి భాగానికే ఉండాలి. అక్కడ మరలున్న రంధ్రాలుంటే బోల్టులు వాటిలోకే వెళ్లాలి. మూడు కాళ్ల పుల్లర్ తెచ్చి బయటి అంచు పట్టి లాగితే డ్యాంపర్ రబ్బరు చిరుగుతుంది. క్రాంక్ మరల మీద నేరుగా పుల్లర్ మొన ఆనకుండా మధ్యలో ఒక బిళ్ల పెట్టాలి.

స్కూటర్లు, ఆటోలు బాగుచేసేవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. మాగ్నెట్ ఫ్లైవీల్ క్రాంక్ టేపర్ మీద అతుక్కుపోయి ఉంటుంది. ఫ్లైవీల్ నడిమి మరల్లోకి మాగ్నెట్ పుల్లర్ బిగించి తిప్పితే టక్కున వదులుతుంది. సుత్తితో కొడితే అయస్కాంతాలు దెబ్బతింటాయి. చిన్న ఇంజిన్ల క్రాంక్ ముక్కలు ముక్కలుగా చేసి ఒత్తి కలిపినది కావడంతో, కొస మీద కొట్టిన దెబ్బకు క్రాంకే వంకరపోవచ్చు.

పుల్లీ చేతికొచ్చాక కీ ఎక్కడుందో చూసుకోండి. అర్ధచంద్రాకారపు ఆ చిన్న ముక్క జారిపడితే వెతకడానికి ఓ పూట పడుతుంది. ఆయిల్ సీలు ఆనే చోట పుల్లీ మీద గాడి పడిందేమో గోరుతో తడిమి చూడాలి. గాడి పడి ఉంటే కొత్త సీలూ కారుతుంది.

బిగించేటప్పుడు గన్ ఎందుకు వద్దంటారు?

విప్పడం బలం పని, బిగించడం లెక్క పని. గన్ ఎంత బిగించిందో ఎవరికీ తెలియదు. టార్క్ రెంచ్‌తో కూడా మనం కొలిచేది తిప్పే బలాన్నే. మనకు కావాల్సింది బోల్టు లాగే బలం. ఈ రెంటి మధ్య రాపిడి దూరుతుంది. మామూలు లెక్కలో మనం పెట్టిన బలంలో సగం బోల్టు తల కింద, మరో నలభై శాతం మరల్లో రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదో వంతే.

దీనివల్లే మరలకు నూనె రాయాలా వద్దా అన్నది చిన్న విషయం కాదు. నూనెతో రాపిడి తగ్గితే అదే 180 న్యూటన్ మీటర్లకు, పొడిగా బిగించినప్పటి కన్నా మూడో వంతు ఎక్కువ లాగుడు రావచ్చు. కంపెనీ మాన్యువల్ నూనె రాయమంటే రాయాలి, ఎక్కడ రాయమంటే అక్కడే రాయాలి. పొడిగా ఉంచమంటే మరలు శుభ్రంగా తుడవాలి. పుల్లీ, పళ్ల చక్రం ఆనే ముఖాల మీద తుప్పు, రంగు, ఇసుక రేణువు ఉండకూడదు. అవి నలిగాక బిగువు తగ్గిపోతుంది.

కొలతల్లోనూ జాగ్రత్త కావాలి. పాత పుస్తకాల్లో కిలోగ్రామ్ మీటర్లు, అమెరికా వాటిలో ఫుట్ పౌండ్లు, కొత్తవాటిలో న్యూటన్ మీటర్లు. 130 ఫుట్ పౌండ్లంటే 176 న్యూటన్ మీటర్లు. ఆ 130ని న్యూటన్ మీటర్లనుకుని బిగిస్తే నాలుగో వంతు తక్కువే బిగిసినట్టు.

కొన్ని బోల్టులకు టార్క్‌తో పాటు కోణమూ చెబుతారు. మొదట చెప్పిన బిగువుకు తెచ్చి, ఆపైన ఇంకో 90 డిగ్రీలు తిప్పమన్నట్టు. అప్పుడు బోల్టు తల మీద, పుల్లీ మీద సున్నంతోనో పెయింటుతోనో గీత గీసి, పావు చుట్టు తిప్పాలి. ఆ రకం బోల్టు సాగిపోతుంది కాబట్టి, కొత్తది వేయమని మాన్యువల్ చెబితే పాతదానితో సరిపెట్టకూడదు.

టార్క్ రెంచ్‌తో బోల్టు విప్పకూడదు. నిదానంగా లాగి, టిక్కుమన్న వెంటనే ఆపాలి. మళ్లీ మళ్లీ టిక్కు వినిపించేదాకా లాగితే ప్రతిసారీ కొంచెం ఎక్కువ బిగుస్తుంది. పని అయ్యాక స్కేలును కిందికి దించి పెట్టాలి.

కొంచెం తక్కువ బిగిస్తే ఏమవుతుంది?

ఈ లోపానికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ మాజ్దా ఎంఎక్స్-5. 1990లో, 1991 తొలి నెలల్లో తయారైన ఆ కార్ల క్రాంక్ ముక్కు చిన్నది. బోల్టు వదులైతే పుల్లీ ఊగి, కీ గాడిని వెడల్పు చేసి, చివరికి క్రాంకే పాడయ్యేది. తర్వాత కంపెనీ పెద్ద ముక్కున్న క్రాంక్ తెచ్చింది.

కొన్ని ఫోర్డ్ ఇంజిన్లలో, ఫోక్స్‌వాగన్ టీఎస్ఐ ఇంజిన్లలో కొన్నిటిలో, పళ్ల చక్రానికి కీ ఉండదు. టైమింగ్‌ను కాపాడేది బోల్టు అదుము ఒక్కటే. అలాంటి బండిలో బోల్టు వదులు చేసిన మరుక్షణం టైమింగ్ జారే వీలుంది. క్రాంక్, క్యామ్ రెండిటినీ లాక్ పెట్టకుండా పానా వేయకూడదు. బోల్టు సరిగ్గా బిగియక టైమింగ్ జారితే వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు. అప్పుడు చెల్లించాల్సింది బెల్టు ఖరీదు కాదు, ఇంజిన్ పని ఖర్చు.

ఇంట్లో చేసుకోవచ్చా? మెకానిక్‌కిస్తే ఏం అడగాలి?

హోల్డర్, ఆరు మూలల గోటీ, మీటరు పైపు, రెండు స్టాండ్లు, టార్క్ రెంచ్, మీ ఇంజిన్ మాన్యువల్, ఇవన్నీ దగ్గరుంటే చేయొచ్చు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా బోల్టు ముట్టుకోకపోవడమే మేలు. బ్యాటరీ వైరు తీసి మొదలుపెట్టాలి. బిగించాక, స్టార్టు చేసే ముందు, ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు, అది తిరిగే వైపుకే తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేసి టైమింగ్ మళ్లీ చూసుకోవాలి. స్టార్టు చేశాక పుల్లీ ఊగుతోందేమో పక్కనుంచి గమనించాలి.

మెకానిక్‌కిస్తే మాత్రం రెండు మాటలు ముందే అడగండి: “అన్నా, ఈ బండికి టార్క్ ఎంత? రెంచ్ ఉందా?” పుస్తకం తెరిచో ఫోనులో చూసో అంకె చెప్పేవాడికి బండి ఇవ్వొచ్చు. “గన్‌తో పెట్టేస్తా, ఏం కాదు” అనేవాడు బోల్టు విప్పడం దాకా బాగానే చేస్తాడు. బిగింపు రెంచ్ ఉన్న షెడ్డులో చేయించుకోండి. అందుకు ఇంకో గంట పట్టినా, వంద రెండొందలు ఎక్కువైనా, ఇంజిన్ విప్పే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.